ఎ షిఫ్టుకి తెరవని బజారు

ఖాళీగా లేదు. ఎన్నిసార్లు చెప్పించుకుంటారు నాచేత? కొత్త స్టేషన్ ముందున్న ఆ స్థలం ఏ ఒక్కరోజూ ఖాళీగా లేదు.

మొన్న నెహ్రూ నగర్‌లో ఒక పెళ్ళి భోజనాల దగ్గర మళ్ళీ ఇదే గొడవ. పక్కన కూర్చున్న పెద్దాయన, మా నాన్నతో కలిసి భిలాయ్ స్టీల్ ప్లాంటులో పనిచేసి రిటైరైనాయన, పెరుగన్నం కలుపుకుంటూ, "ఎంత బాగుసేసినారే హేమా స్టేషన్ ముందర! ఇదివరకు ఏటుండీది అక్కడ? మట్టి, కుక్కలు. ఖాళీ జాగా" అన్నారు. నేను ఎడం చేత్తో ఫోన్ తీసి పాత ఫొటోలు ఒక్కొక్కటీ ఆయన మొహం ముందు పెట్టాను. పొద్దున్న షిఫ్టుకి వెళ్ళేవాళ్ళు సైకిళ్ళు పట్టుకునే ఇడ్లీ తింటున్న ఫొటో. మధ్యాహ్నం రైలు దిగిన ఆడవాళ్ళు ఆకుకూరల బుట్టలు ముందు పెట్టుకుని కూర్చున్న ఫొటో. సాయంత్రం పకోడీల్లాంటి భజియా వేసే బాండీ చుట్టూ గుంపు.

"ఇది ఖాళీయా అంకుల్? ఇందులో మీరు కూడా ఉన్నారు చూడండి. ఆ మఫ్లర్ మీదే."

ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని చూసి, "అవునే, నానే" అన్నారు. అని, ఒక ముద్ద తిని, "అయినా ఇప్పుడు శుభ్రంగా ఉంది కదే" అన్నారు.

అమ్మ నా మోచెయ్యి గిల్లింది కాబట్టి అక్కడ ఊరుకున్నాను. ఊరుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను.

బీపీ ఒక్కటే మిగిలింది

ఆ స్థలం ఎలా మారాలో సలహా ఇచ్చిన కన్సల్టెన్సీలో నేను ఉద్యోగం చేశాను. చదువు కాగానే చేరాను, ముప్ఫై నిండకుండా వదిలేశాను. మళ్ళీ ఆ వృత్తి మొహం చూడను. కాబట్టి రిటైరైనట్టే. నవ్వేవాళ్ళు నవ్వుకోండి, మా ఇంట్లో ముందే నవ్వేశారు. కోక్ ఓవెన్ల వేడిలో జీవితమంతా కాగిన మా నాన్న, "మాకైతే సాలువా కప్పి గోడ గడియారం ఇచ్చినారు. నీకేటిచ్చినారే?" అన్నారు.

"బీపీ" అన్నాను.

నా ఉద్యోగం పేరు కమ్యూనిటీ ఫెసిలిటేటర్. ప్లాంటు క్వార్టర్లుండే సెక్టర్ 7లో పుట్టి పెరిగాను. హిందీ గడగడా వస్తుంది, తెలుగు ఇంటివరకూ వస్తుంది, ఛత్తీస్‌గఢీ అర్థమవుతుంది. అందుకే తీసుకున్నారు. కాగితం మీద గీతలు గీసేవాళ్ళకీ, ఆ గీతలు ఎవరి నెత్తిమీద పడుతున్నాయో వాళ్ళకీ మధ్య నిలబడటం పని. పైవాళ్ళు చెప్పింది కిందవాళ్ళకి భయం వెయ్యకుండా చెప్పాలి. కిందవాళ్ళు చెప్పింది పైవాళ్ళకి కోపం రాకుండా చెప్పాలి. ఈ రెండోది నాకు చేతకాలేదు. కోపం వచ్చే మాటని కోపం రాకుండా చెప్తే అది వేరే మాట అయిపోతుంది.

ఇప్పుడు తరచూ ఎవరో ఒకరు ఇన్‌స్టాలో మెసేజ్ పెడుతుంటారు. "దీదీ, నాకూ ఇలాంటి ప్రాజెక్టులో ఉద్యోగం వచ్చింది, టిప్స్ చెప్పండి" అని. ప్రెజెంటేషన్ ఎలా చెయ్యాలో, ఎవరికి నమస్తే ముందు పెట్టాలో నన్నడగకండి. అవి మీరే నేర్చుకుంటారు, త్వరగానే నేర్చుకుంటారు. నేను ఒక గుమ్టీ గురించి చెప్తాను. గుమ్టీ అంటే మా ఊళ్ళో రేకులు, చెక్కలు కలిపి కట్టుకునే చిన్న కొట్టు. నాకు తెలిసిన ఉద్యోగమంతా అందులో ఉంది.

ఒక పొయ్యి, ఇద్దరు మనుషులు

భిలాయ్‌లో ఊరు గడియారం చూసుకోదు, షిఫ్టు చూసుకుంటుంది. ఎ షిఫ్టు పొద్దున్న ఆరింటికి ఎక్కుతుంది, బి షిఫ్టు మధ్యాహ్నం రెండింటికి, సి షిఫ్టు రాత్రికి. పెళ్ళి ముహూర్తం పెట్టినా, పిల్లాడికి ట్యూషన్ మాట్లాడినా ముందు అడిగేది, "ఆ రోజు నీది ఏ షిఫ్టు?" అనే. చరోదా యార్డులో రైల్వేవాళ్ళదీ ఇదే బతుకు.

షిఫ్టు మారేటప్పుడు ఒక పద్ధతి ఉంది. దాన్ని ఛార్జ్ ఇవ్వడం అంటారు. దిగిపోయే మనిషి తన చోటు వదిలి వెళ్ళడు, ఎక్కే మనిషి వచ్చేదాకా. వచ్చాక, ఇదిగో ఇది ఇలా ఉంది, అది అలా ఉంది అని చెప్పి, అప్పగించి, అప్పుడు కదులుతాడు. ఒకసారి ఛార్జ్ ఇచ్చేశాక ఇక ఆ చోటు గురించి నోరెత్తడు. ఎవరైనా ఏమైనా అడిగితే, "ఛార్జ్ ఆయనది, ఆయన్నడుగు" అంటాడు. అది మర్యాద. మా నాన్న రిటైరై ఇంట్లో ఉన్నా వంటింట్లోంచి అమ్మ బయటికి రాకముందే లోపలికి వెళ్ళి కాఫీ పెట్టుకోరు. "మీ అమ్మ ఇంకా ఛార్జ్ ఇవ్వలేదే" అంటారు.

స్టేషన్ ముందు గుమ్టీ కూడా ఇదే పద్ధతిలో నడిచింది. పొద్దున్న అది నర్సమ్మ పిన్నిది. పూర్తి పేరు అప్పలనర్సమ్మ, శ్రీకాకుళం దగ్గరి ఊరు, భర్త ప్లాంటులో కాంట్రాక్టు కూలీగా పనిచేసి పోయాడు. ఎ షిఫ్టుకి రైల్లో వచ్చేవాళ్ళూ, నైట్ దిగి ఇంటికెళ్ళే రైల్వేవాళ్ళూ ఆమె ఇడ్లీ తిని కదిలేవాళ్ళు. మధ్యాహ్నం నుంచి అదే గుమ్టీ బిసాహు కాకాది. ఆయన ఇక్కడి మనిషే, దుర్గ్ అవతల పల్లె. బి షిఫ్టు దిగేదాకా చాయ్, భజియా. ఇద్దరూ కలిసి కట్టుకున్న కొట్టు అది. పొయ్యి ఒకటే, బొగ్గుల సిగిడీ. ఆమె వెళ్ళేటప్పుడు నిప్పు ఉంచి వెళ్ళేది. ఆయన రాత్రి మూసేటప్పుడు నిప్పుల మీద బూడిద కప్పి వెళ్ళేవాడు. పొద్దున్న ఆమె వచ్చి బూడిద తప్పించి విసనకర్రతో విసిరేది.

ఆమె ఆయన్ని "బిసాహు బావూ" అనేది, ఆయన ఆమెని "దీదీ" అనేవాడు. ఇద్దరి మధ్యా తెలుగే నడిచేది, అదీ శ్రీకాకుళం తెలుగు. నేను మొదటిసారి వెళ్ళి నా సెక్టర్ తెలుగులో ఏదో అడిగితే నర్సమ్మ పిన్ని నవ్వాపుకోలేకపోయింది.

"ఓలమ్మ, నీ తెలుగు కన్నా మా బావు తెలుగు నయం కదే! బావూ, ఈ బుల్లికి కాస్త నేర్పు."

"నేర్పుతాను గాని నోనీ, ముందు భజియా తింతావా?" అన్నాడాయన. నోనీ అంటే ఛత్తీస్‌గఢీలో అమ్మాయీ అని. అలా ఒక ఛత్తీస్‌గఢీ ఆయన నాకు తెలుగు నేర్పాడు. ఇది చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

"ఇది ఎవరిది?" అని అడిగారు

గుమ్టీలు తీసేసి కొత్త బజారు కట్టాక అందులో ఎవరికి దుకాణం ఇవ్వాలో తేల్చే సర్వేకి బయటినుంచి ఒక ఏజెన్సీని పెట్టారు. చేతిలో ట్యాబ్, మెడలో కార్డు. గుమ్టీ ముందు నిలబడి ఫొటో తియ్యడం, "ఇది ఎవరిది?" అని అడగడం, పేరు కొట్టడం, పక్కదానికి వెళ్ళడం. యాప్‌లో ఒక గుమ్టీకి ఒక పేరు. రెండో పేరుకి చోటే లేదు. ఆ యాప్ తయారుచేసినవాళ్ళ ఊళ్ళో ఒక కొట్టుకి ఒక యజమాని ఉంటాడు కాబోలు. మా ఊళ్ళో ఎలా ఉంటుందని ఎవరూ ఫోన్ చేసి కూడా అడగలేదు. ఫోన్లు మాత్రం అందరి దగ్గరా ఖరీదైనవే.

సర్వే పూర్తయ్యాక నేను మ్యాప్ తెరిచి చూస్తే గుమ్టీ మీద బిసాహు కాకా పేరొక్కటే ఉంది. పక్కన ఒక రిమార్కు: అక్కడే ఉన్న ఒక మహిళ కూడా ఇది ఆయనదేనని ధ్రువీకరించింది. నాకు ఒళ్ళు మండింది. బిసాహు కాకా మోసం చేశాడేమో అనుకుని మధ్యాహ్నం ఎండలో స్కూటీ వేసుకుని తిన్నగా వెళ్ళాను. సరిగ్గా ఇద్దరూ ఉన్నారు, ఛార్జ్ ఇచ్చుకునే వేళ.

"కాకా, నీ పేరొక్కటే ఎందుకు చెప్పావు?"

ఆయన బిత్తరపోయాడు. "నానేటి సెప్పనేదు నోనీ. దీదీయే సెప్పినాది."

నేను పిన్ని వైపు తిరిగాను. ఆమె గిన్నెలు తోముతూ, అందులో అడగడానికేముందన్నట్టు చూసింది.

"నానే సెప్పినాను. ఆ ట్యాబ్ బాబు వొచ్చీసరికి నాను ఛార్జ్ ఇచ్చీసినాను. గిన్నెలు తోముకుంతన్నాను, అంతే. ఇది ఎవలదీ అన్నాడు. ఇప్పుడు బిసాహు బావుదీ, ఆయన్నడుగూ అన్నాను. తప్పేటి?"

"తప్పేమిటా? నీ కొట్టు ఆయనకి రాసిచ్చేశావు పిన్నీ!"

"సాల్లే, నాను రాసిచ్చీడమేటి? రేపు పొద్దున్న ఐదింటికి రమ్మను ఆ బాబుని, అప్పుడు నాదే అంతాను. బావు కూడా నాదే అంతాడు. కాదేటి బావూ?"

"మరే" అన్నాడు బిసాహు కాకా. "పొద్దున్నే నన్నడిగితే నాను మాత్రం ఏటంతాను? దీదీదే అంతాను."

నేను అక్కడే బల్ల మీద కూలబడ్డాను. ఈ తప్పు ఈ ఊరివాళ్ళు తప్ప ఎవరూ చెయ్యరు. ఎదుటివాడు డ్యూటీలో ఉండగా తన హక్కు చెప్పుకోవడం వాళ్ళకి మర్యాద కాదు. ఆ మర్యాదని తీసుకెళ్ళి ఆమె మీదే సాక్ష్యంగా పెట్టారు.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. "ఇది ఎవరిది?" అన్నది పనికిమాలిన ప్రశ్న. "మీ తరవాత ఇక్కడికి ఎవరొస్తారు?" అని అడగండి. అలా అడిగితే నాలుగు పేర్లొస్తాయి, చాయ్ కూడా వస్తుంది.

త్రివేదీ సార్

మా బాస్ త్రివేదీ సార్ గొంతు పెంచి ఎరగడు. ఎవర్నీ తిట్టడు. అలాంటివాళ్ళతో జాగ్రత్త. తిట్టే బాస్‌తో తిరిగి పోట్లాడొచ్చు, చల్లగా మాట్లాడేవాడి ముందు అరిస్తే మనమే పిచ్చివాళ్ళలా కనిపిస్తాం. నేను చాలాసార్లు అలాగే కనిపించాను.

ఆయన గోడకి కొత్త స్టేషన్ ముంగిలి బొమ్మ ఉండేది, కంప్యూటర్‌లో చేసింది. పచ్చగడ్డి, ఫౌంటెన్, చేతిలో కాఫీ కప్పులతో సన్నటి మనుషులు. నేను చేరిన కొత్తలో ఆ బొమ్మ దగ్గరికెళ్ళి, "సార్, ఇందులో ఒక్క సైకిలు కూడా లేదేంటి?" అని అడిగాను. పల్లెల నుంచి రైల్లో వచ్చి, స్టేషన్ దగ్గర కట్టేసి ఉంచిన సైకిలు తీసుకుని ప్లాంటుకి వెళ్ళేవాళ్ళే సగం మంది. ఆయన ప్రేమగా నవ్వి, "హేమా, ఇది భవిష్యత్తు" అన్నాడు. ఆ భవిష్యత్తు వచ్చాక ఏమైందంటే, సైకిలు స్టాండు ఉన్నచోట పూలమొక్కలు వేశారు. వాళ్ళు రెయిలింగ్‌కి సైకిళ్ళు కట్టారు. గార్డులు కట్టర్ తెచ్చి తాళాలు కోసేశారు. భవిష్యత్తులోకి నడిచెళ్ళాలని ఎవరికి తెలుసు?

గుమ్టీ సంగతి చెప్పడానికి వెళ్ళినప్పుడు కూడా ఆయన ఓపిగ్గా విన్నాడు. అంతా విని, "చూడు, ఆమే ఒప్పుకుంది కదా, రిమార్కు ఉంది" అన్నాడు.

"ఆమె ఒప్పుకున్నది షిఫ్టు సార్, యాజమాన్యం కాదు."

"యాప్‌లో షిఫ్టు లేదు హేమా."

"అయితే యాప్ తప్పు."

"బీ ప్రాక్టికల్. ఇద్దరికి ఒప్పుకుంటే రేపు ప్రతి గుమ్టీకి ఇద్దరొస్తారు."

"వస్తారు సార్, ఎందుకంటే ప్రతి గుమ్టీకి ఇద్దరున్నారు!"

ఇది అరిచే చెప్పాను. బయట ప్రింటర్ దగ్గర నిలబడ్డవాళ్ళంతా లోపలికి చూశారు. ఆయన నాకు మంచినీళ్ళు తెప్పించాడు. గ్లాసు బల్లమీద పెట్టేసి వచ్చేశాను.

"పొద్దున్న కూడా రాయండి"

అభ్యంతరాలు వినడానికి జన సున్వాయి పెట్టారు. షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, స్టేజీ మీద అధికారులు. మైకు నా చేతిలో. తెలుగువాళ్ళు మాట్లాడితే హిందీలోకి చెప్పడం నా పని.

నర్సమ్మ పిన్ని ఉతికిన చీర కట్టుకుని, తలకి నూనె రాసుకుని వచ్చింది. తన వంతు రాగానే నా దగ్గరికొచ్చి మైకు వైపు అనుమానంగా చూసి, మైకుతో కాకుండా అధికారులతోనే మాట్లాడింది.

"అయ్యా, నాను బిసాహు బావు మీద ఫిర్యాదు సెయ్యడానికి రానేదు. ఆయన సాయంత్రం మనిసి, నాను పొద్దున్న మనిసిని. మీ బాబులు సాయంత్రం రాసుకుని ఎల్లిపోనారు. పొద్దున్న కూడా రాయండి. అంతే నాను అడిగీది."

వెనకనుంచి త్రివేదీ సార్ నా చెవి దగ్గర మెల్లగా, "షార్ట్‌లో చెప్పు. బిసాహు మీద ఈమెకి ఏ ఫిర్యాదూ లేదని చెప్పు, చాలు" అన్నాడు.

ఈ ఉద్యోగంలో అబద్ధం చెప్పమని మిమ్మల్ని ఎవరూ అడగరు. నిజంలోంచి ఒక ముక్క కోసి, అది మాత్రం చెప్పమంటారు. నేను ఆమె అన్నది అన్నట్టు, ఆఖరి మాటదాకా చెప్పాను. కావాలనే గట్టిగా చెప్పాను.

స్టేజీ మీద ఒక పెద్దాయన కాగితాలు సర్దుకుంటూ, "ఒకే కొట్టు ఇద్దరిదెలా అవుతుంది?" అన్నాడు. వెనక వరసలోంచి బిసాహు కాకా లేచి హిందీలో అందుకున్నాడు.

"సాహబ్, మీరు కూర్చున్న కుర్చీలో మీకంటే ముందు ఇంకో సాహబ్ కూర్చున్నారు. మీ తరవాత ఇంకొకరు కూర్చుంటారు. మీరేమైనా కుర్చీ ఇంటికి పట్టుకెళ్తారా?"

షామియానా అంతా నవ్వింది. ఆ పెద్దాయన కూడా నవ్వాడు, పాపం. చివరికి ఏం తేలిందంటే, పేరు బిసాహుదే ఉంటుంది, కొత్త బజారులో ఇచ్చే దుకాణాన్ని ఇద్దరూ వాళ్ళ అలవాటు ప్రకారమే వాడుకోవచ్చు. నోటిమాటగా చెప్పారు. నేను గెలిచామనుకున్నాను. మర్నాడు పిన్ని వచ్చినవాళ్ళందరికీ ఒక గారె ఊరికే వేసింది, నేను అదంతా రీల్ తీసి పెట్టాను. లైకులు బాగానే వచ్చాయి. నోటిమాటతో గెలిచినవాళ్ళు ఎవరైనా రీల్ పెట్టేముందు కొన్నాళ్ళు ఆగండి.

గుమ్టీలు కూలగొట్టిన రోజు జేసీబీ వచ్చేసరికి పిన్ని సిగిడీ తీసి బయట పెట్టుకుంది. బిసాహు కాకా దాన్ని సైకిలు క్యారియర్ మీద కట్టుకుని తీసుకెళ్ళాడు. కొత్త దుకాణంలో మొదటి పొయ్యి దీంతోనే వెలిగిద్దామని ఇద్దరూ అనుకున్నారు. బజారు కట్టినన్నాళ్ళూ ప్రహరీ అవతల ఒక చెక్కబల్ల వేసుకుని, షిఫ్టులవారీగానే, ఎలాగో నెట్టుకొచ్చారు.

పది గంటలకి

బజారు కట్టారు. బాగుందా అంటే బాగుంది. గ్లాసు తలుపులు, మెరిసే టైల్సు. దుకాణం తాళంచెవి బిసాహు కాకా చేతికిచ్చారు. ఆయన అక్కడికక్కడే నర్సమ్మ పిన్ని చేతిలో పెట్టాడు. "పొద్దున్న షిఫ్టు నీది దీదీ, నువ్వే తెరువు."

మర్నాడు పొద్దున్న ఆమె మొదటి రోజుకని ఇంట్లోనే వండిన ఇడ్లీల గిన్నె, చట్నీ, ఆకుల కట్ట ఆటోలో వేసుకుని వచ్చింది. నేనూ వెళ్ళాను, ఫొటో తియ్యడానికి. ఎ షిఫ్టు రైలు అప్పుడే వచ్చింది. బజారు బయటి గేటుకి తాళం. గార్డు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు.

"భయ్యా, గేటు తియ్యండి" అన్నాను.

"పదింటికి మేడమ్."

"పదింటికా? ఎ షిఫ్టువాళ్ళు అప్పటికి సగం పని చేసేసి ఉంటారు!"

"టైమింగ్ పది నుంచి పది. బోర్డు చూడండి."

పిన్ని ముందుకొచ్చింది. "ఏటి బాబూ, నిన్నటిదాకా నా బల్ల కాడ ఇడ్లీ తిని డ్యూటీ ఎక్కినావు, ఇయ్యాల టైమింగంతన్నావా?"

గార్డు తల దించుకున్నాడు. "నిజమే అమ్మా. ఇవాళ ఏమీ తినలేదు కూడా. కానీ గేటు తీస్తే నా డ్యూటీ పోతుంది."

పిన్ని గేటు పక్కన గిన్నె దించి, మూత తీసి, ముందు ఆ గార్డుకే నాలుగు ఇడ్లీ పెట్టింది. అతను స్టూలు మీదే కూర్చుని తిన్నాడు. నేను ఫొటో తియ్యలేకపోయాను.

ఆ రోజునుంచి నేను తిరగని గది లేదు. బజారు నడిపే కంపెనీవాళ్ళు ఏసీ అన్నారు, హౌస్‌కీపింగ్ అన్నారు, సెక్యూరిటీ అన్నారు. అన్ని ఊళ్ళల్లోనూ పది నుంచి పదే అన్నారు. అన్ని ఊళ్ళల్లోనూ ఫర్నేసు రాత్రీ పగలూ మండదు కదా సార్ అన్నాను. వాళ్ళకి అర్థం కాలేదు. బొగ్గుల పొయ్యి కూడా కుదరదన్నారు. అది పిన్నికి చెప్తే ఆమె క్షణం ఆలోచించలేదు.

"బొగ్గులు వొద్దంతే గేస్ పెట్టుకుంతాను. గేస్ వొద్దంతే కరెంటు పొయ్యి పెట్టుకుంతాను. పొద్దు పొడవడం మాత్రం నాను మార్చలేను కదే బుల్లీ."

ఈ వాక్యం నేను మీటింగులో ఉన్నదున్నట్టు చెప్పాను. త్రివేదీ సార్ కూడా నవ్వి, "బ్యూటిఫుల్, మన బ్రోషర్‌లో వేద్దాం" అన్నాడు. నిజంగానే అన్నాడు. నేను ఫోన్ బల్లమీద విసిరికొట్టాను. దాని స్క్రీన్ మీద గీత ఇప్పటికీ ఉంది, మార్పించలేదు.

షట్టర్

అధికారిక ప్రారంభోత్సవం ఆ తరవాత పెట్టారు. ఆ రోజు అన్ని దుకాణాలూ తెరిచారు, ఒక్కటి తప్ప. బిసాహు కాకా ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. వచ్చి, షట్టర్ తియ్యకుండా దాని ముందు మెట్టు మీద కూర్చున్నాడు. రిబ్బన్లు, కొబ్బరికాయలు, కెమెరాలు, ఆ మధ్యలో ఒక మూసిన షట్టర్. త్రివేదీ సార్ నన్ను పరిగెత్తించాడు.

"కాకా, తెరవండి. అందరూ చూస్తున్నారు."

"ఎలాగ తెరుస్తాను నోనీ? నాకెవలు ఛార్జ్ ఇచ్చినారు?"

"కాకా, మొండి చెయ్యకండి. మీ పేరునే ఉంది కదా."

"పేరుంతే? మీ నాన్ననడుగు. పేరుందని ముందు షిఫ్టు మనిసి రాకుండా ఎవలైనా మిసన్ ముట్టుకుంతారా? పొద్దున్న దీదీ తెరవాల. మధ్యాహ్నం నాకివ్వాల. అప్పుడు నాను ఎక్కుతాను. పొద్దున్న గేటే తియ్యకపోతే నా షిఫ్టు ఎక్కడినుంచి వొస్తాది?"

నేను ఆయనకి నచ్చజెప్పాలి. అదే నా ఉద్యోగం. కానీ వెళ్ళి ఆయన పక్కన మెట్టు మీద కూర్చున్నాను. మా ఇద్దరి ఫొటో ఎవరో తీశారు, ఏదో గ్రూపులో తిరిగింది, 'రిబ్బన్ కట్టింగ్‌లో ధర్నా' అని. ధర్నా కాదది. డ్యూటీ.

ఈ విషయం పిన్నికి తెలిసి వచ్చి ఆయన్ని బాగా తిట్టింది. "నీకు బుర్రుందా బావూ? ఒచ్చిన దుకానం ఒగ్గీసుకుంతావా? నా కోసం నువ్వు పస్తుంతావా?" అంది. ఆయన, "పస్తేటి దీదీ, నువ్వు ఇడ్లీ పెడతావు కదా" అన్నాడు. ఆమెకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. చీరకొంగుతో మొహం తుడుచుకుని, "ఎదవ మొండితనం" అని గొణుక్కుంటూ వెళ్ళిపోయింది.

షట్టర్ అలాగే ఉండిపోయింది. కొన్నాళ్ళకి త్రివేదీ సార్ నన్ను పిలిచాడు. దుకాణం వాడుకోవడం లేదు కాబట్టి కేటాయింపు రద్దు చెయ్యాలట, కాఫీ చైన్ ఒకటి అడుగుతోందట. లబ్ధిదారుడికి ఆసక్తి లేదు అని ఫీల్డు మనిషిగా నేను ఒక్క లైను రాసిస్తే చాలట. చల్లటి గొంతుతోనే చెప్పాడు. ఎప్పట్లాగే మంచినీళ్ళు కూడా తెప్పించాడు.

"సార్, పొద్దున్న ఐదున్నరకి గేటు తియ్యండి. ఒక్క గేటు. మిగతావన్నీ పదింటికే తీసుకోండి. అప్పుడు కూడా వాళ్ళు తెరవకపోతే మీరు చెప్పింది రాస్తాను."

"ఒక ఇడ్లీ కొట్టు కోసం మొత్తం సిస్టమ్ మార్చలేం హేమా."

ఆ ఒక్క లైను నేను రాయలేదు. మెడలోంచి కార్డు తీసి మంచినీళ్ళ గ్లాసు పక్కన పెట్టి బయటికొచ్చాను. ఇంకెవరో రాసి ఉంటారు ఈపాటికి, లేదా రాస్తారు. షట్టర్ మీద ఇప్పటికింకా కొత్త బోర్డు రాలేదు. వచ్చేదాకా ఆ దుకాణం వాళ్ళిద్దరిదే అని నేనంటాను.

ఇప్పుడూ నర్సమ్మ పిన్ని రోజూ అక్కడికే వస్తుంది. గేటు బయట, ప్రహరీ పక్కన. ఇంట్లో వండి తెచ్చిన ఇడ్లీ ఎ షిఫ్టువాళ్ళకి పెడుతుంది, పెద్ద వాన పడితే గిన్నె మీద పరదా కప్పి గొడుగు పట్టుకుని నిలబడుతుంది. వారంలో కొన్ని రోజులు ఆక్రమణ అని తరుముతారు, ఆమె రోడ్డు దాటి అవతల నిలబడి, వాళ్ళు పోయాక ఇవతలికి వస్తుంది. మధ్యాహ్నం బిసాహు కాకా వస్తాడు. ఆమె బల్ల తుడిచి, ఎక్కడ ఏముందో చెప్పి, ఛార్జ్ ఇచ్చి వెళ్తుంది. సిగిడీ ఇంకా ఆయన ఇంట్లోనే ఉంది.

పెళ్ళిలో ఆ పెద్దాయన నాతో అన్న ఆఖరి మాట చెప్పలేదు కదా. "దుకానం ఇస్తే తెరవనేదంట కదే. ఈళ్ళకి ఎంత సేసినా ఇంతే" అన్నారు. ఈ పనిలో చేరబోయే మీకూ ఆ షట్టరే చూపిస్తారు, ఈ మాటే చెప్తారు. చెప్పేవాళ్ళకి నాదొకటే పందెం. రేపు ఎ షిఫ్టు రైలు వచ్చే వేళకి ఆ తాళం వేసిన గేటు ముందుకి రండి. పిన్ని గిన్నె మూత తీస్తుంది, మీకూ పెడుతుంది, తినండి. తిన్నాక, ఆమె మొహంలోకి చూస్తూ, డ్యూటీకి రానిది నువ్వే అని అనగలరా?